ముందు నడిచే బండి

కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు నాయుళ్లు మిల్లులతో, మోటారు పంపులతో పేరు తెచ్చుకున్నారు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్‌కు మాత్రం రేసు కార్ల పిచ్చి. 1988లో మారుతి 800 ఇంజన్ బిగించి ఒంటిసీటు కారు తయారుచేశాడు. డబ్బున్నవాళ్ల సరదా కుర్రాళ్లకు కాస్త అందింది. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఊరి దగ్గరి చెట్టిపాళయం రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

అదే ఊరి నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కు చేరాడు.

ఆ ఏడు అక్కడి సేఫ్టీ కారు మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే 55. ప్రమాదం జరిగితే రేసు కార్లన్నిటినీ వెనకేసుకుని నడిపేది ఇదే. నెమ్మదిగా పోతే కుదరదు, వెనకవాళ్ల టైర్లు చల్లబడి పట్టు తప్పుతాయి. అందుకే బలమైన ఇంజన్, రేసు బెల్టులు, కంట్రోల్ గదితో మాట్లాడే రేడియో. పక్కసీటులో తెరలు చూసే సహాయకుడు. నెత్తిన నారింజ దీపాలు వెలిగితే దాటకూడదు, పచ్చవి వెలిగితే దాటొచ్చు. నారింజవి ఆరాయంటే ఆ చుట్టు చివర పక్కకు తప్పుకుంటుందన్నమాట.

1973లో కెనడాలో సేఫ్టీ కారును తొలిసారి దింపినప్పుడు ఇంత హంగు లేదు. పసుపు పోర్షే 914 మొదటి స్థానంలో ఉన్న కారుకు బదులు వేరే కారు ముందుకొచ్చి నిలిచింది. చుట్ల లెక్క చెడి, గెలిచిందెవరో తేల్చడానికి చాలాసేపే పట్టింది.