దేవాంగపిల్లి: ఒక జంతునామ పరిశీలన

గోదావరి డెల్టాలోని ద్రాక్షారామం ద్రాక్షతోటలకు ప్రసిద్ధి కాదు. భీమేశ్వరుడు వెలసిన ఈ పంచారామ క్షేత్రాన్ని దక్షయజ్ఞంతో ముడిపెట్టే సంప్రదాయం శ్రీనాథుని భీమఖండంలో విస్తారంగా కనిపిస్తుంది. దాక్షారామం అనే రూపానికి ఆ కథే ఆధారం. ‘దాక్ష’ శబ్దం సామాన్య వ్యవహర్తకు అపరిచితం, ‘ద్రాక్ష’ పరిచితం. తెలియని పదానికి తెలిసిన పదం వేషం వేసే ఈ ప్రవృత్తే జననిరుక్తి. స్థలనామాలలో దీన్ని గుర్తించినంతగా జంతునామాలలో గుర్తించినట్లు లేదు. అందుకు తగిన ఉదాహరణ దేవాంగపిల్లి.

ఈ పేరులోని రెండో పదం గురించి చిక్కు తక్కువ. రాత్రివేళ తిరుగుతూ చెట్లెక్కే చిన్న జంతువులను తెలుగువారు ‘పిల్లి’ అనే ఒకే గూటిలో చేర్చారు. తాటిచెట్లూ కొబ్బరిచెట్లూ ఎక్కే మానుపిల్లి, సుగంధద్రవ్యాన్నిచ్చే పునుగుపిల్లి శాస్త్రరీత్యా పిల్లులు కావు. ద్రాక్షారామానికి చేరువలోని కోరింగ మడ అడవుల్లో చేపలు వేటాడే నీటిపిల్లి మాత్రం నిజంగా మార్జాలమే. దేవాంగపిల్లి వీటన్నిటికీ దూరం. అది మనుషులూ కోతులూ చేరిన ప్రైమేట్ల వర్గానికి చెందిన ప్రాణి. మడగాస్కర్ లెమూర్లు, ఆఫ్రికా పొట్టోలు దాని బంధువులు. దానికి తోక లేదు. దూకదు, నాలుగు చేతులతో పట్టుకున్నట్టుగా కొమ్మను బిగించి, అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంది. కాలి రెండో వేలికి మాత్రం ఒళ్ళు దువ్వుకొనే గోరు ఉంటుంది. బరువు పావుకిలోకు అటూఇటూ. ముఖంలో సగం కళ్ళే.

వరిచేలు, కొబ్బరితోటలు నిండిన డెల్టా దాని నివాసం కాదు. దక్షిణాది పొడి అడవులు, తుమ్మలు పెరిగే చిట్టడవులు దాని చోటు. తెలుగునేలపై శేషాచలం కొండలు, చిత్తూరు ప్రాంతపు కౌండిన్య అభయారణ్యం అందుకు పేరుపొందాయి. అంటే ఈ పేరు పుట్టుకను వెదకవలసింది తెలుగు, తమిళం కలిసే దక్షిణపు అంచున.

పేరులోని మొదటి పదం దగ్గరే అసలు చిక్కు ఉంది. టి. సి. జెర్డన్ 1867లో వెలువరించిన ‘ది మామల్స్ ఆఫ్ ఇండియా’లో తమిళ నామం ‘తేవాంగర్’ అనీ, తెలుగు నామం ‘దేవాంత్సి పిల్లి’ అనీ నమోదు చేశాడు. 1884లో స్టెర్న్‌డేల్ వీటినే తిరిగి ఇచ్చాడు. జెర్డన్ నెల్లూరులో వైద్యుడిగా పనిచేసి, యానాదుల సాయంతో జీవజాతులను సేకరించినవాడు. కనుక ఆ తెలుగు రూపం పుస్తకంలోంచి కాక నోటిమాటలోంచి వచ్చిందని భావించడం సమంజసం.

ఈ రెండు రూపాలూ జాగ్రత్తగా చూడదగినవి. ఆనాటి రోమన్ లిప్యంతరీకరణలో ‘త్స’ దంత్య ౘకారానికి గుర్తు. అయితే తెలుగులో ఇకారానికి ముందు వచ్చేది తాలవ్య చకారమే. ‘త్సి’ తెలుగు ఉచ్చారణకు పొసగదు. విన్నవాని చెవి తడబడి ఉండాలి, లేదా అచ్చులో పొరపాటు జరిగి ఉండాలి. దాని వెనుక ‘దేవాంచి’ వంటి రూపం ఉండి ఉండవచ్చు. ఇక ‘తేవాంగర్’ చివరి ‘అర్’ తమిళంలో మనుషులను చెప్పే బహువచన ప్రత్యయం. తమిళంలో జంతువు ‘తేవాంగు’, నేతపని చేసే దేవాంగులు ‘తేవాంగర్’. ప్రాణినామం, కులనామం 1867 నాటికే ఒకదానిలో ఒకటి కలిసిపోయాయన్నమాట. కాబట్టి నేటి పేరును చూసి జంతువును నేతవారితో ముడిపెట్టడం తొందరపాటు అవుతుంది. తెలియని దేవాంచి తెలిసిన దేవాంగగా మారిందనడమే దాక్షారామం తీరుకు దగ్గర.

ఇటువంటి పొరపాట్లు తెలుగుకే పరిమితం కావు. లిన్నేయస్ 1758లో ఈ జాతిని లెమూర్ ప్రజాతిలో చేర్చాడు. రోమన్లు రాత్రి తిరిగే ప్రేతాలను లెమూరెస్ అనేవారు. దక్షిణభారత జాతికి లిడెక్కర్ పేరు మీదుగా కాబ్రేరా 1908లో నామకరణం చేసినా, సింహళ జాతి నుంచి దాన్ని వేరుజాతిగా గ్రోవ్స్ స్థిరపరచింది 2001లోనే.

పేర్ల సంగతి ఎలా ఉన్నా, ఆ కళ్ళు ప్రాణిమీదికి తెచ్చాయి. వీటిని మద్రాసు బజారుకు సజీవంగా తెచ్చేవారనీ, నేత్రరోగాలకు వాటి కళ్ళను వైద్యులు వాడేవారనీ జెర్డనే రాశాడు. పెద్ద కన్ను చూపునిస్తుందన్న సాదృశ్యమే తప్ప ఆ చికిత్సకు వేరే ఆధారం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చింది. 1997–98లో దిండిగల్ జిల్లా అయ్యలూరు అడవుల్లో నెకారిస్ చేసిన పరిశీలన, ఒంటరిదనుకున్న ఈ జీవి పగలు గుంపుగా నిద్రిస్తుందనీ, మగవి కూడా పిల్లలతో మెలగుతాయనీ తేల్చింది. 2022లో తమిళనాడు దిండిగల్, కరూరు జిల్లాల్లో 11,806 హెక్టార్లను కడవూర్ తేవాంగు అభయారణ్యంగా ప్రకటించింది.

అక్కడ ప్రభుత్వ ప్రకటన దాకా చేరినది ప్రజల నోటి పేరే. తెలుగులో ఆ నోటి పేరేదో ఇంకా నిర్ధారించవలసి ఉంది. నిఘంటుకర్తలు దేవాంగపిల్లి ఆరోపం కింద జెర్డన్ రూపాన్నీ చూపాలి. శేషాచలం దిగువ పల్లెల్లోని యానాదుల వ్యవహారంతో దాన్ని సరిచూడడం ఆ తరువాతి పని.