ఓడల వడ్రంగులు లేపిన మందిరం

ప్రావిడెన్స్ నగరంలో నార్త్ మెయిన్ వీధి పక్కన తెల్లరంగు వేసిన కొయ్య మందిరం ఒకటుంది. అమెరికాలో మొట్టమొదటి బాప్టిస్టు సంఘం వాళ్ళది. లోపల విగ్రహాలు లేవు, పటాలు లేవు. పెద్ద పెద్ద కిటికీల గుండా పగటి వెలుగు నేరుగా బల్లల మీద పడుతుంది. నిలువు గాడులు తీసిన స్తంభాన్ని రాయి అనుకుని చేత్తో తట్టాను. కొయ్య పలికింది.

ఈ సంఘానికి మూలపురుషుడు రోజర్ విలియమ్స్. ఎవరు దేవుణ్ణి ఎలా కొలవాలో శాసించే హక్కు సర్కారుకు లేదన్నాడు. ఆదివాసుల నేలను ఇంగ్లండు రాజు పంచిపెట్టడం అన్యాయమన్నాడు. 1635లో మసాచుసెట్స్ పాలకులు ఆయనకు దేశబహిష్కార శిక్ష వేశారు. నడిచలికాలంలో అడవి దారి పట్టాడు. నారగాన్సెట్ తెగ పెద్దలు కనోనికస్, మియాంటొనోమి ఇచ్చిన చోట 1636లో ఈ ఊరు కట్టాడు. 1638లో సంఘం వెలిసింది. కొద్ది నెలలకే ఆయన సంఘాన్ని వదిలేశాడు. ఆయన మాట మాత్రం ఊరిని వదల్లేదు: ఇక్కడ మతం పేరుతో ఎవరినీ వెళ్ళగొట్టకూడదు.

అరవై ఏళ్ళపాటు ఆ సంఘానికి గుడి లేదు. ఇళ్ళల్లోనే కూడేవారు. ఇప్పుడున్న మందిరం పని 1774లో మొదలైంది. బోస్టన్ జనం టీ పెట్టెలు సముద్రంలో పారబోశారన్న కోపంతో ఇంగ్లండు ఆ ఏడే వాళ్ళ రేవును మూసేసింది. పని పోయిన వడ్రంగులు, ఓడలు కట్టేవాళ్ళు ఇక్కడికొచ్చి దూలాలు ఎత్తారు. లండన్ వాస్తుశిల్పి జేమ్స్ గిబ్స్ పుస్తకంలోని బొమ్మను చూసి వర్తకుడు జోసెఫ్ బ్రౌన్ శిఖరానికి రూపం ఇచ్చాడు. 185 అడుగుల ఆ శిఖరాన్ని 1775లో మూడున్నర రోజుల్లో నిలబెట్టారు. అప్పటికే స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది.

ఇదే జోసెఫ్ బ్రౌన్, ఆయన అన్నదమ్ములు 1764లో ‘శాలీ’ అనే ఓడను బానిసల కోసం ఆఫ్రికాకు పంపారు. ఆ ప్రయాణంలో వందమందికి పైగా బందీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మనస్సాక్షికి సంకెళ్ళు వద్దన్న ఊరే మనుషులకు సంకెళ్ళు వేసింది. ఈ దేశ చరిత్ర చెప్పేటప్పుడు ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

మా ఒంగోలుకూ ఇక్కడికీ ఒక దారి ఉంది. ఈ ఊళ్ళోని బ్రౌన్ యూనివర్సిటీ పట్టాల పండుగ తరతరాలుగా జరుగుతున్నది ఈ కప్పు కిందే. 1843లో ఆ యూనివర్సిటీ పట్టా పొందిన లైమన్ జూయెట్ తర్వాత నెల్లూరు బాప్టిస్టు మిషన్‌కు వచ్చాడు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించిన ఐదుగురిలో ఆయనొకడు. ఆ కొండను చిన్నప్పటి నుంచీ ప్రార్థన కొండ అనే పిలిచాను. ఆయన చదువుకున్న ఊళ్ళో, ఈ కొయ్యబల్ల మీద కూర్చుని, ఆ కొండను తలుచుకుంటున్నాను.