ఉపశమన చికిత్సయు సహకార పరిశోధనయు

మానని రోగముతో కృశించువారి నొప్పిని తగ్గించుటయు వైద్యధర్మమే. సిసిలీ సాండర్సు 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్ శుశ్రూషాలయమును స్థాపించి సేవను, బోధనను, పరిశోధనను ఒక్కచోట చేర్చెను. అయితే అంత్యదశలోని రోగులు దీర్ఘపరిశీలనకు నిలువరు. ఒక్క ఆసుపత్రిలో లభించు సంఖ్యయు స్వల్పము. కావున పలు కేంద్రములు చేయి కలుపవలసి వచ్చెను. 1988లో ఏర్పడిన ఐరోపా ఉపశమన చికిత్సా సంఘము 1996లో పరిశోధనకై ప్రత్యేక కూటమిని నెలకొల్పెను. మన దేశమున 1986లో బొంబాయియందు శాంతి అవేదన ఆశ్రమమును, 1993లో కోళిక్కోడునందు ఉపశమన చికిత్సా సంఘమును, 1994లో భారతీయ ఉపశమన చికిత్సా సంఘమును వెలసినవి.

ఇట్టి పరిశోధనకు ముఖ్యమైన కొలమానము రోగి మాటయే. సలుపు, పోటు, మంట, తీపు ఒక్కటి కావు. తరతరములుగా కర్ణాటకమునందో మహారాష్ట్రమునందో స్థిరపడిన తెలుగు రోగి యీ భేదమును పరభాషలో చెప్పలేనిచో అతని బాధ తప్పుగా నమోదగును; ఔషధమును ఆ నమోదునే అనుసరించును. కావున ప్రశ్నావళులను తెనిగించునపుడు ఆయా ప్రాంతముల తెలుగువారి నుడికారమును విచారింపవలెను. ఈ పనిలో వైద్యులకు తోడుపడగలవారు అచ్చటి తెలుగు ఉపాధ్యాయులు.