లదేణి బాట నుంచి గౌలిపుర మిద్దె దాకా: మన పెరటి పంట చరిత్ర

మన సంఘం స్మారక సంచికల్లో పాటల గురించి, పండుగల గురించి, భూమి పోరాటాల గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఇంటి వెనుక పెరడు గురించి మాత్రం మనం పెద్దగా రాసుకోలేదు. పెరడు ఆడవాళ్ళ పని అనీ, చిన్న పని అనీ అనుకోవడమే దీనికి కారణం కావచ్చు. కానీ మన జాతి మూడు నాలుగు వందల ఏళ్ళలో ఎక్కడెక్కడ తిరిగింది, ఎక్కడ నిలిచింది, ఏమి పోగొట్టుకుంది అన్నది పెరటి కథలోనూ కనిపిస్తుంది. ఈ వసంతంలో గౌలిపుర, ఛత్రినాక, ఉప్పుగూడ చుట్టుపక్కల అద్దె ఇళ్ళలో ఉంటున్న మన కుటుంబాలు కొన్ని మిద్దెల మీద కూరగాయలు పండిస్తున్నాయి. ఆ పని మనకు కొత్తది కాదని యువతకు తెలియాలన్నదే మా ఉద్దేశం.

ఎద్దుల వెంట నడిచిన కాలం

మన పూర్వీకుల బతుకు లదేణి. ఎద్దుల మీద ధాన్యం, పప్పులు, ఉప్పు వేసుకుని ఊరి నుంచి ఊరికి, రాజ్యం నుంచి రాజ్యానికి నడిచారు. లవణం అనే మాట నుంచే లంబాణీ, లంబాడీ అనే పేర్లు వచ్చాయని కొందరు పండితుల అభిప్రాయం. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి కూడా వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులతో సాగే బిడారుల గురించి రాశాడు. ఒక్కో వర్గం ఒక్కో సరుకే మోస్తుందని, ఒకరు ధాన్యం మోస్తే మరొకరు బియ్యం, ఇంకొకరు పప్పులు, వేరొకరు ఉప్పు మోస్తారని కూడా వివరించాడు. దక్కన్‌లో మొగలుల సేనలకూ, ఆ తరువాత 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్ళిన ఇంగ్లీషు సేనలకూ తిండిగింజలు అందించినవాళ్ళలో మనవాళ్ళున్నారు.

నడిచేవాడికి పెరడు ఉండదు. కానీ వర్షాకాలం నాలుగు నెలలు బిడారు ఆగేది. బురదలో ఎద్దులు నడవలేవు. పచ్చిక ఉన్నచోట, నీళ్ళున్నచోట తాండా దిగేది. అలా దిగినచోట పశువుల పెంట దండిగా ఉంటుంది. తీజ్ పండుగ ఈ ఆగిన నెలల్లోనే, శ్రావణంలో వస్తుందన్నది గమనించండి.

తీజ్ మనకు నేర్పిన పాఠం

తీజ్‌లో పెళ్ళికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి పోసి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. రేగు ముళ్ళకు నానిన శనగలు గుచ్చే వేడుకలో మగపిల్లలు అడ్డుపడి ఆటపట్టిస్తారు. చివరి రోజున మొలకలను పెద్దలకు పంచి, మిగిలినవి చెరువులో కలుపుతారు. మనం దీన్ని భక్తిగా చూస్తాం. అది సరైనదే. పనిగా కూడా చూస్తే ఇందులో ఒక సేద్యపు బడి ఉంది.

పుట్టమన్ను మెత్తగా, రాళ్ళు లేకుండా ఉంటుంది. మేకల ఎరువు బలమైనది. బుట్టకు సందులుంటాయి కనుక ఎక్కువైన నీరు కారిపోతుంది, వేరు కుళ్ళదు. గింజను నానబెడితే త్వరగా మొలుస్తుంది. నీళ్ళు ఒకేసారి కుమ్మరించకుండా రోజూ కొంచెం కొంచెంగా పోయాలి. కుండీలో మొక్క పెంచడానికి ఇవాళ ఎవరు శిక్షణ ఇచ్చినా మొదట చెప్పే మాటలు ఇవే. సొంత నేల లేని జాతి, బుట్టెడు మట్టిలో పచ్చదనం చూసుకోవడం తన ఆడపిల్లలకు నేర్పింది. అద్దె ఇంటి మిద్దె మీద ఉన్న మనకు ఇంతకంటే దగ్గరి పాఠం ఇంకేముంటుంది?

తాండా నిలిచింది, పెరడు పుట్టింది

రైలు వచ్చాక లదేణి కూలిపోయింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలుదారి పడింది. పది వేల ఎద్దులు మోసే సరుకును కొన్ని రైళ్ళు మోసేశాయి. ఉప్పు మీద ఇంగ్లీషువాళ్ళ పన్నులు, పెత్తనం మరో దెబ్బ. దానికి తోడు వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తిరిగి బతికే ఎన్నో జాతుల మీద దొంగ ముద్ర వేశారు. ఆ చట్టం రద్దయింది 1952లో. తిరిగే బతుకు నేరమైన రోజుల్లో నిలవక తప్పలేదు. గుట్టల పక్కన, అడవి అంచున, ఊరివాళ్ళు వద్దనుకున్న చెలకల్లో తాండాలు వెలిశాయి.

మనవాళ్ళు రాళ్ళు ఏరి, కంప కొట్టి, ఆ నేలను సాగులోకి తెచ్చారు. సాగులోకి వచ్చాక దొరల కన్ను పడింది. 1940ల్లో జనగామ ప్రాంతంలో ధర్మాపురం తాండా రైతులు విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది ఈ భూమి కోసమే. జాటోతు ఠానూ నాయక్ ఆ సాయుధ పోరాటంలోనే అమరుడయ్యాడు.

చెలక మీద పోరాటం నడుస్తున్నా ఇంటి వెనుక పెరడు మాత్రం యాడీల చేతిలో ఉండేది. చుట్టూ ముళ్ళకంప. గుడిసె మీదికి పాకిన ఆనపతీగ. పందిరి మీద చిక్కుడు. స్నానం నీళ్ళు పారేచోట మిరప, వంగ. వానకాలంలో మొక్కజొన్న, దాని మొదట్లో గుమ్మడి. చెలకలో జొన్నతో పాటు కంది, అనుములు, బొబ్బర్లు. ఇవి కాక ఎవరూ విత్తకుండానే వచ్చే గంగవాయిలి, తుమ్మి, దొగ్గలి కూరలు ఉండేవి. జొన్న బాటీతో ఏదో ఒక భాజీ దొరకని రోజు అరుదు.

ఇందులో కొన్ని పంటలు మనలాగే దూరం నుంచి నడిచివచ్చినవే. వంకాయ, దోస, బీర ఈ దేశపు కూరలు. మిరప, టమాట అమెరికా ఖండాలవి. 1498లో పోర్చుగీసులు సముద్రమార్గాన వచ్చిన తరువాతే మన దేశానికి చేరాయి. బెండ ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు. వచ్చినవాళ్ళు నేలకు అలవాటు పడతారు, నేల కూడా వాళ్ళకు అలవాటు పడుతుంది.

విత్తనం చేయి జారిన కాలం

1977 నుంచి తెలంగాణలో మనం షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నాం. చదువులు వచ్చాయి, కొలువులు వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తాండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. ఇవి మనం సాధించుకున్నవి. అదే కాలంలో పోయినవి కూడా ఉన్నాయి. జొన్న చెలకల్లోకి పత్తి వచ్చింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక అది ఇంకా వేగంగా పాకింది. పత్తిచేలో గట్టు మీద గుమ్మడి వేసే అలవాటు తగ్గింది. కలుపు మందు కొట్టినచోట గంగవాయిలి మొలవదు. విత్తనం ఏటేటా కొట్లో కొనే సరుకైంది. కరువుకూ అప్పుకూ తట్టుకోలేక దేవరకొండ వైపు నుంచి, పాలమూరు తాండాల నుంచి ఎంతోమంది హైదరాబాదుకు వలస వచ్చారు. బంజారాహిల్స్ అనే పేరే మనవాళ్ళ నుంచి వచ్చిన నగరం ఇది. అక్కడ 2022 సెప్టెంబరు 17న సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమైంది. కానీ మేస్త్రీ పనికి, ఇటుక పనికి, ఇళ్ళలో పనికి వచ్చినవాళ్ళకు ఆ గుట్టల మీద అద్దెలు అందవు. అందుకే మనలో కొందరు పాతబస్తీ చేరాం.

గౌలిపుర మట్టి

గౌలి అంటే పశువులు పెంచి పాలమ్మేవాడు. గౌలిపుర వాళ్ళ పేరిట వెలసిన పేట. 18వ శతాబ్దంలో నగరం చుట్టూ గోడ కట్టినప్పుడు ఈ పేరుతోనూ ఒక దర్వాజా ఉండేది. ఇప్పుడు ఆ పాత దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా మాత్రమే మిగిలాయి. పశువు ఉన్నచోట పెంట ఉంటుంది, పెంట ఉన్నచోట పాదు ఉంటుంది. పశువుల వెంట బతికిన మనకు ఇది పరాయి పేట అనిపించదు. జాంబాగ్, బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి అని పేర్లలోనే తోటలను మోస్తున్న నగరం ఇది. తోటలు పోయి పేర్లు మిగిలాయి. ఇప్పుడు ఖాళీ నేల లేదు, మిగిలింది మిద్దె.

కష్టకాలంలో నగరాలు కూరగాయలు పండించుకోవడం ప్రపంచమంతా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో సుమారు 2 కోట్ల ఇంటితోటలు వేశారని లెక్క. మన దేశంలో 1943లో ఆహారోత్పత్తి పెంచాలనే ఉద్యమం నడిచింది. 1991లో సోవియట్ యూనియన్ కూలి చమురు, ఎరువులు ఆగిపోయినప్పుడు క్యూబా ప్రజలు రాజధాని హవానాలోని ఖాళీ జాగాల్లో కూరలు పండించారు. మన నగరంలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోట అనే మాటను ఇంటింటికీ చేర్చారు. జహీరాబాదు వైపు పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఊరూరా విత్తన నిధులు కాపాడారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు కారు. విత్తనం చేతిలో ఉంటే రైతు ఎవరి ముందూ చేయి చాచనక్కరలేదని వాళ్ళు నిరూపించారు.

ఈ వసంతంలో మన మిద్దెల మీద

మాఘం చివర విత్తిన పుంటికూర, తోటకూర ఇప్పటికే రెండు కోతలు వచ్చాయి. బెండ పూత మీద ఉంది. బీర, కాకర తీగలు తాళ్ళు పట్టాయి. టమాటకు మాత్రం ఎండ మొదలవగానే పూత రాలుతోంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాట కాయ నిలవదు. అది పెంచేవాళ్ళ తప్పు కాదు. టమాటను వానాకాలం చివర నారు పోసుకోవాలి. ఎండాకాలానికి బెండ, గోరుచిక్కుడు, పుంటికూర, బచ్చలి, ఆనప, దోస మేలు.

మట్టికి ఎర్రమన్ను ఒక పాలు, మాగిన పశువుల పెంట ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలపండి. తడి మట్టి చాలా బరువు కనుక పెద్ద కుండీలను మిద్దె నడుమ కాకుండా గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టండి. ఇటుకల మీద ఎత్తి పెడితే కింద నీరు నిలవదు. ఇంటి యజమానిని ముందే అడగండి. మొదటి కోత ఆ ఇంటికి పంపితే మాట తేలికవుతుంది. పాడైన బకెట్లు, బియ్యం సంచులు చాలు, అడుగున రంధ్రాలు మరవకండి.

చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా నీళ్ళు పొద్దున్నే పోయండి. పాదులో ఎండుటాకులు పరిస్తే సగం తడి నిలుస్తుంది. మధ్యాహ్నం పాత చీర కట్టినా నీడ దొరుకుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకండి. పేనుబంక పడితే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి. జీవామృతానికి 10 లీటర్ల నీళ్ళలో అరకిలో ఆవుపేడ, అరలీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పప్పుపిండి, గుప్పెడు మట్టి కలిపి రెండు రోజులు నీడన ఉంచి, పూటపూటా కలిపితే చాలు.

తీగకు పూలు వచ్చి పిందె రాలుతుంటే మిద్దె మీదికి తేనెటీగలు రావడం లేదని అర్థం. బీర, ఆనప పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందె లేని మగపువ్వు కోసి, దాని పుప్పొడిని పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దండి. పనికి పోయి సాయంత్రం ఇంటికి వచ్చేవాళ్ళకు ఇది వీలైన వేళ.

అన్నిటికంటే ముఖ్యం విత్తనం. బలమైన మొక్కకు వచ్చిన మంచి కాయను కోయకుండా వదిలేయండి. బీరకాయ ఎండి గలగలలాడాలి, చిక్కుడు తీగ మీదే ఎండాలి. గింజను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, వేపాకుతో డబ్బాలో దాచండి. చిక్కుడు, బొబ్బర్లు తమలో తామే ఫలదీకరణ చెందుతాయి కనుక రకం చెడదు, కొత్తవాళ్ళు వాటితో మొదలుపెట్టవచ్చు.

ఇక మా కోరిక

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలంటోంది. నాలుగు కుండీలు అంత ఇవ్వవు. మార్కెట్టుకు పోక తప్పదు. కానీ పిల్లల పళ్ళెంలో రోజూ ఒక ఆకుకూర ఉండేలా చూడగలవు. వీటి అసలు విలువ మరొకటి ఉంది. గోర్‌బోలికి మనం రోజూ రాసే లిపి లేదు. ఒక కూర పేరు మన యాడీల నోట ఉన్నంతవరకే ఉంటుంది. మొక్క పోతే పేరు పోతుంది, పేరు పోతే ఆ వంట పోతుంది.

అందుకే యువతీయువకులకు మేము అడిగేది ఇదే. ఈసారి తాండాకు వెళ్ళినప్పుడు నానమ్మ దగ్గర ఒక గుప్పెడు గింజలు అడిగి తెచ్చుకోండి. దాని పేరు గోర్‌బోలిలో, తెలుగులో రాసుకోండి. ఏ నెలలో విత్తుతారో, ఎలా వండుతారో ఫోనులో ఆమె గొంతుతోనే రికార్డు చేయండి. సగం గింజలు మీ మిద్దె మీద విత్తండి, సగం సంఘానికి ఇవ్వండి. వచ్చే శ్రావణంలో తీజ్ బుట్టల పక్కన ఆ విత్తనాల డబ్బాలు కూడా వరుసగా పెడదాం. కావలసినవాళ్ళు తీసుకుపోతారు, పండించి మళ్ళీ తెచ్చి ఇస్తారు.