కొండ ఎక్కే కార్లు: తరగతుల నిబంధనల కథ

మన పల్లెలలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందెము చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. అన్ని జతలను ఒకే పోటీలో దింపరు. రెండు పళ్ళ జతలు ఒక విభాగము, నాలుగు పళ్ళవి మరొకటి, ఆరు పళ్ళవి ఇంకొకటి. నోరు తెరచి చూచిన తరువాతనే జతను బరిలోనికి రానిస్తారు. పళ్ళను బట్టి వయసు, వయసును బట్టి బలము అంచనా వేస్తారన్నమాట. తెలుసుకోవలసినది బలము, సులభముగా చూడగలిగినది పళ్ళు. మోటారు కార్ల పందాలలో కూడ ఇదే చిక్కు వచ్చినది. దానిని విప్పడానికి నూరేళ్ళకు పైగా పట్టినది.

కార్ల పందాలలో రెండు రకాలు సామాన్యులకు అందుబాటులో ఉన్నవి. చదునైన చిన్న దారిలో ఒక్కొక్క కారును విడివిడిగా నడిపి, కాలము కొలిచేది స్ప్రింటు. అదే పని కొండదారిలో చేస్తే హిల్‌క్లైంబు. ప్రక్కన వేరే కారు ఉండదు. పోటీ అంతా గడియారముతోనే. 1897లో ఫ్రాన్సులో జరిగిన ఒక పందెపు చివరి భాగములో కార్లు నీస్ పట్టణమునుండి లా తుర్బీ కొండ ఎక్కినవి. కొండ పందాలకు అదే నాంది అంటారు. ఇంగ్లండులోని షెల్స్‌లీ వాల్ష్ కొండదారిలో 1905లో పోటీలు మొదలయినవి. దాని పొడవు వెయ్యి గజాలు, ఎత్తు సుమారు 100 మీటర్లు. మొదటి ఏడాది అందరికన్న వేగముగా ఎక్కిన డెయిమ్లర్ కారుకు 77.6 సెకండ్లు పట్టినది. 2008లో అదే దారిని 22.58 సెకండ్లలో ఎక్కారు.

కొండ ఎక్కడానికి ఎంత శక్తి కావలెనో విద్యార్థులే లెక్క కట్టవచ్చును. నడిపేవానితో కలిపి 600 కిలోగ్రాముల కారును 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి 600 × 9.8 × 100, అనగా 5,88,000 జౌళ్ళ పని చేయవలెను. దీనిని 30 సెకండ్లలో ముగించాలంటే సెకండుకు 19,600 జౌళ్ళు, అంటే సుమారు 26 అశ్వశక్తి అవసరము. ఇది ఎత్తుకు చేర్చడానికి మాత్రమే. వేగము పుంజుకొనడానికి, గాలిని చీల్చుకొని పోవడానికి అయ్యేది దీనికి అదనము. కారు బరువు 1,200 కిలోలయితే ఈ 26 కాస్తా 52 అవుతుంది. కాబట్టి బరువు కారును, తేలిక కారును, పెద్ద ఇంజనును, చిన్న ఇంజనును ఒకే వరుసలో నిలిపితే ఫలితము ముందే తేలిపోతుంది. షెల్స్‌లీ నిర్వాహకులు ఈ సంగతి గ్రహించి, తొలి సంవత్సరాలలో బరువు, శక్తి, కాలము మూడింటిని కలిపిన ఒక సూత్రముతో కూడ విజేతను నిర్ణయించేవారు.

అయితే కారు శక్తిని పందెము దగ్గర కొలవడమెట్లు? ఇంజను శక్తి మూడు అంశాల లబ్ధముపై ఆధారపడుతుంది: సిలిండర్లలో పిస్టన్లు కదిలే ఘనపరిమాణము, లోపలి వాయువుల పీడనము, నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు. ఇకమీద చెప్పే కథలో ఈ మూడింటిని మరువరాదు.

మొదట కొలిచినవారు వీనిలో ఒకదానిని సగము మాత్రమే కొలిచారు. బ్రిటనులో రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు వాడిన సూత్రము చాలా తేలిక. సిలిండరు వ్యాసమును అంగుళాలలో కొలిచి వర్గము చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగిస్తే అశ్వశక్తి వస్తుంది. పిస్టను నడిచే దూరము ఇందులో లేదు. పిస్టను వేగము నిమిషానికి వెయ్యి అడుగులని ముందే అనుకొన్నారు గనుక ఆ దూరము అవసరము లేదని తలచారు. 1910 నుండి బ్రిటిష్ ప్రభుత్వము కార్లపై పన్నును కూడ ఈ లెక్కమీదనే వేసినది. దానితో ఇంజనీర్లు సిలిండర్లను సన్నగా, పొడవుగా చేయసాగారు. వ్యాసము పెరగదు, పన్ను పెరగదు, శక్తి మాత్రము పెరుగుతుంది.

ఫ్రాన్సులో చిన్న కార్ల పందాలలో ఇది విపరీతానికి పోయినది. అక్కడ కూడ నిబంధన వ్యాసానికే హద్దు పెట్టినది. 1910 నాటి ఒక లయన్-ప్యుజో కారులో సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరము 280 మిల్లీమీటర్లు. ఒక్కొక్క సిలిండరు ఘనపరిమాణము సుమారు 1,400 ఘన సెంటీమీటర్లు. పిస్టను దూరము వ్యాసముతో సమానమయి ఉంటే అది దాదాపు 400 మాత్రమే. ఇంజను గోపురమువలె లేచి, నడిపేవాని చూపుకు అడ్డు వచ్చేది. 1911లో నిర్వాహకులు పద్ధతి మార్చి, మొత్తము ఘనపరిమాణము మూడు లీటర్లకు మించరాదన్నారు. సన్నని పొడుగు ఇంజన్లతో ఇక లాభము లేకపోయినది. నేటికీ పందాల తరగతులకు ఘనపరిమాణమే ముఖ్యమైన ఆధారము.

ఒక అంశము చిక్కినది; మిగిలినవి రెండు. గాలిని బలవంతముగా సిలిండరులోనికి నెట్టే సూపర్‌ఛార్జరు అమర్చితే ఘనపరిమాణము మారకుండానే పీడనము పెరుగుతుంది. ఇందుకు విరుగుడుగా గుణకము వచ్చినది. 1950లో ప్రపంచ ఛాంపియన్‌షిప్పు మొదలయినప్పుడు సూపర్‌ఛార్జరు గల 1,500 ఘన సెంటీమీటర్ల ఇంజనును, అది లేని 4,500 ఘన సెంటీమీటర్ల ఇంజనుకు సమానముగా లెక్కించారు. గుణకము మూడన్నమాట. 1966 నుండి దానిని రెండు చేశారు. ఇతర పోటీలలో 1.4 వంటి గుణకాలు వాడుకలోనికి వచ్చినవి. ఇవి ప్రకృతి నియమాలు కావు. అనుభవముమీద వేసుకొన్న అంచనాలు. యంత్రాలు మెరుగయినప్పుడల్లా వీనిని దిద్దుకొనవలసినదే.

ఇంతవరకు చెప్పినది డబ్బున్నవారి ఆట. సామాన్యుని మాటేమిటి? 1939లో ఇంగ్లండులో 750 మోటార్ క్లబ్బు ఏర్పడినది. 1922లో వచ్చిన చవక కారు ఆస్టిన్ సెవెన్ అభిమానుల సంఘమది. ఆ కారు ఇంజను సుమారు 750 ఘన సెంటీమీటర్లు. క్లబ్బు పేరు దానినుండి వచ్చినదే. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఈ క్లబ్బువారు పాత ఆస్టిన్ భాగాలతో ఇంటిదగ్గర తయారు చేసుకొన్న కార్లకు ప్రత్యేక నిబంధనలు వ్రాసుకొన్నారు. తక్కువ జీతగాడు కూడ పందెములో పాల్గొనగలగడమే వారి ఆశయము.

ఆ నిబంధనలను పరీక్షకు పెట్టినవాడు కోలిన్ చాప్‌మన్ అనే యువ ఇంజనీరు. ఆస్టిన్ ఇంజనులో ఇరుగు పొరుగు సిలిండర్లు రెండేసి ఒకే ద్వారము గుండా ఇంధన మిశ్రమమును పీల్చుకొంటాయి. ఒకదాని వెంట ఒకటి పీల్చినప్పుడు రెండవదాని వాటా తగ్గుతుంది. 1951లో చాప్‌మన్ తన లోటస్ మార్క్ త్రీ కారులో ఆ మార్గము మధ్య అడ్డుగోడ పెట్టి, ప్రతి సిలిండరుకు వేరు దారి కల్పించాడు. నిబంధన దీనిని కాదనలేదు. ఆ ఏడాది అతని కారుకు ఎదురు లేకపోయినది. తరువాత క్లబ్బు ఆ ఉపాయమును నిషేధించినది. ఇది అన్యాయమనిపించవచ్చును. కాని ఆ ఒక్క ఉపాయము కోసము ప్రతి సభ్యుడూ ఇంజనును తిరుగదోడవలసి వస్తే, ఖర్చు భరించలేనివారు మిగలరు. శక్తిని సమము చేయడమే కాక, ఖర్చును అదుపులో ఉంచడము కూడ నిబంధన పనే.

1957లో చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే తేలిక కారును తెచ్చాడు. ఆనాడు బ్రిటనులో పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొని ఇంట్లో కూర్చుకొంటే ఉండేది కాదు. కనుక కిట్టు కార్లకు గిరాకీ పెరిగినది. 1973లో ఆ పన్ను స్థానే విలువ ఆధారిత పన్ను వచ్చి ఈ లాభము పోయినది. అదే సంవత్సరము సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు దక్కినవి. ఆ నమూనా కార్లు నేటికీ కొండ పందాలలో పరుగెత్తుతున్నవి.

మూడవ అంశము, అనగా చుట్ల సంఖ్య, తరువాత బయటపడినది. కొందరు ఔత్సాహికులు కిట్టు కారులో మోటారు సైకిలు ఇంజను బిగించారు. వెయ్యి ఘన సెంటీమీటర్ల ఇంజనే అయినా నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరిగి, తనకు రెట్టింపు పరిమాణముగల కారు ఇంజనుతో పోటీ పడుతుంది. కనుక అనేక క్లబ్బులు ఇట్టి కార్లకు వేరు తరగతి పెట్టినవి. రోడ్డుమీద నడవడానికి అనుమతిగల టైర్లే వాడవలెనన్న నియమము కూడ ఇటువంటిదే. మెత్తని పందెపు టైర్లు దారిని గట్టిగా పట్టుకొంటాయి, త్వరగా అరుగుతాయి, జేబును కూడ అరగదీస్తాయి.

వ్యాసమును కొలిస్తే పొడవు పెరిగినది. పరిమాణమును కొలిస్తే పీడనము, ఆ తరువాత చుట్లు పెరిగినవి. నిబంధన వ్రాసినవారు తెలివితక్కువవారు కారు. ఒక్క కొలతతో శక్తి అంతటినీ పట్టుకోలేమని అనుభవము వారికి నేర్పినది. ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్కలు చేయించవచ్చును. ఆస్టిన్ సెవెన్ ఇంజనులో సిలిండర్లు నాలుగు, వ్యాసము 2.2 అంగుళాలు, పాత సూత్రము ప్రకారము దాని అశ్వశక్తి ఎంత? తరువాత పాఠశాల క్రీడలలో పిల్లలను వయసును బట్టి విభజించాలా, ఎత్తును బట్టియా, బరువును బట్టియా అని అడగండి. ఏ కొలత పెడితే ఎవరు లాభపడతారో, ఎవరు బరి బయటనే ఉండిపోతారో పిల్లలే చెబుతారు.