రబ్బింగ్ కాంపౌండ్ కథ

ఆటో స్పేర్స్ కొట్లో "గీతలు పోవాలండీ" అనగానే చేతిలో పెట్టేది రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా. దీని వెనకో చరిత్ర ఉంది.

మొదట్లో కార్లకి బ్రష్‌తో వార్నిష్ వేసేవాళ్ళు, ఆరడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ వాళ్ళ డ్యూకో లాకర్ వచ్చాక అది గంటల్లోకి దిగింది. కాకపోతే మెరుపు రావాలంటే రుద్దాల్సిందే. వెలిసిన పైపొర పోయినా కింద అదే రంగు, కాబట్టి పెద్ద నష్టం లేదు.

ఇప్పటి కార్లలో రంగు మీద క్లియర్ కోట్ ఉంటుంది. మందం సుమారు 40-50 మైక్రాన్లు, అంటే వెంట్రుక కన్నా పల్చన! అది అరిగిపోతే మళ్ళీ పెయింటే గతి.

పెయింట్ మారింది, కౌంటర్ మీద అలవాటు మారలేదు. లెగసీ కోడ్ అంటే ఇదేగా :)

నేనైతే ముందు షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డ, వ్యాక్స్ అడుగుతాను. కాంపౌండ్ ఆఖరి అస్త్రం. మీరూ అంతే చెయ్యండి.