ఆంగ్ల నిఘంటువున మన మాటలు

పరరాష్ట్రములయందు తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలు ఇంట తెలుగును, వీధిలో ఆ ప్రాంతపు భాషను, బడిలో ఆంగ్లమును నేర్చుచున్నారు. ఆంగ్ల నామవాచకములకు అర్థము, ఉచ్చారణ, పర్యాయపదములు వల్లించునపుడు అవన్నియు సముద్రముల కావలినుండి వచ్చిన మాటలే యని వారు తలంచుట సహజము. కాని వానిలో కొన్ని మన యింటినుండి వెడలి, రూపు మారి తిరిగివచ్చినవి. అట్టి కొన్నింటి చరిత్రను ఇచట మనవి చేయుచున్నాము.

మొదటిది 'బాండికూట్'. ఇది మన 'పందికొక్కు'. ఆంగ్లేయుల నోట పకారము బకారమై, 'కొక్కు' కాస్తా 'కూట్' అయినది. ఆస్ట్రేలియాకు పోయిన ఆంగ్లేయులు అచటి వేరొక జంతువునకు, కడుపుసంచిలో పిల్లలను పెంచుదానికి, ఈ పేరే పెట్టిరి. నేడు ఆ దేశమున ఆ మాట విన్నవారికి స్ఫురించునది ఆ జంతువే గాని మన ధాన్యపు కొట్లను గుల్లచేయు పందికొక్కు కాదు.

రెండవది 'పిట్టా'. మనము చిన్నపక్షుల కన్నిటికిని వాడు 'పిట్ట' శబ్దమును ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు వియెయో 1816లో రంగురంగుల యీకలుగల ఒక పక్షిజాతికి శాస్త్రనామముగా నుంచెను. ఆంగ్లమునందును అదియే నిలిచినది. పిట్టకు పులుగు, పక్షి యను పర్యాయములు మనకున్నవి. ఆంగ్లపు 'పిట్టా'కు మాత్రము 'బర్డ్' అనునది పర్యాయము కాజాలదు. అర్థ మంతగా కుదించుకొనిపోయినది.

మూడవది 'మడపొల్లం', ఒక విధమగు నూలుబట్ట. నరసాపురము చెంత గోదావరి పాయపై నున్న మాధవాయపాలెమున 17వ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీవారి వర్తకశాల యుండెను. అచటి బట్ట ఊరి పేరుతోనే సముద్రము దాటినది. పిమ్మట ఇంగ్లండు మిల్లులు నేసిన బట్టకును ఆ పేరే చెల్లినది. ఊరి పేరు మిగిలినది. మన నేతగాని చేయి మరుగైనది.

నాలుగవది 'గోల్కొండ'. ఆంగ్లమున దీనికి తరగని ధనరాశి యని అర్థము. గని, నిధి యనునవి పర్యాయములు. నిజమునకు గోల్కొండ వజ్రముల విక్రయస్థానము. వజ్రములు దొరకినది కృష్ణాతీరమున కొల్లూరు మున్నగు చోట్ల. అంగడికి వచ్చిన కీర్తి గనికి రాలేదు.

ఇక మన భాష పేరే చూడుడు. పోర్చుగీసువారు అన్యమతస్థుల నుద్దేశించి వాడిన మాటనుండి 'జెంటూ' పుట్టి, చెన్నపట్టణపు ఆంగ్లేయుల నోట తెలుగునకు పేరైనది. 1816లో క్యాంబెల్ దొర తన వ్యాకరణమును 'తెలుగు' పేరనే వెలువరించెను. మరుసటి యేడు విలియం బ్రౌన్ వ్యాకరణము 'జెంటూ' పేర వెలువడినది. 1852 నాటి సి. పి. బ్రౌన్ నిఘంటువు మరల 'తెలుగు' అనియే పలికినది. పరులు పెట్టిన పేరు పోయి, మనము పలుకుచు వచ్చిన పేరే నిలిచినది.

ఊరు విడిచిన మాటకు ఉచ్చారణ మారును, అర్థము మారును. ఊరు విడిచిన మనకును ఇది తెలియనిది కాదు. నిఘంటువు మాటను దాచగలదు, పలికింపవలసినది ఇల్లు. మన బిడ్డ 'బాండికూట్' అని వల్లించునపుడు ప్రక్కనున్న అమ్మమ్మ 'అది మన పందికొక్కేరా' యని చెప్పగలిగినంత కాలము ఆ మాటకు పుట్టిల్లున్నట్లే. ఆ ఒక్క పలుకును మానకుడని మా విన్నపము.